ఊరి పక్కన క్వారీ వస్తోందంటే ఏం చేయాలి: బెంగళూరు చుట్టుపక్కల తెలుగువాళ్ళకి సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు లేచినా, మెట్రో పిల్లరు పడినా ఎక్కడో ఒక గుట్ట కరుగుతుంది. మనం ఇళ్ళకి వాడే జెల్లీ (కంకర), ఎం-శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక), సైజు రాళ్ళు చాలామటుకు చిక్కబళ్ళాపురం, కోలారు, రామనగర (ఇప్పుడు బెంగళూరు దక్షిణ), బెంగళూరు గ్రామీణ జిల్లాల క్వారీల నుంచే వస్తాయి. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు ఎన్నో ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. సిటీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనలో చాలామంది అమ్మానాన్నలు ఇంకా ఆ ఊళ్ళల్లోనే ఉన్నారు. "ఊరి గుట్టకి ఎవరో సర్వే రాళ్ళు పాతుతున్నారంట" అని ఫోన్ వచ్చేది వాళ్ళ దగ్గర నుంచే.

ఇది క్వారీలే వద్దని చెప్పే మార్గదర్శి కాదు. రాయి లేకుండా ఇల్లు కట్టలేం. కానీ ఎవరి భూమిలో, ఎంత లోతుకి, ఎన్నేళ్ళు తవ్వుతారో, వచ్చిన డబ్బులో ఊరికి ఎంత చేరుతుందో ఆ ఊరికి తెలియకుండా జరగకూడదు. చట్టం మనకి మాట్లాడే హక్కు ఇచ్చింది. దాంతోపాటు గడువులూ పెట్టింది. గడువు దాటాక ఎంత అరిచినా అది ధర్నాగా మిగులుతుంది తప్ప ఫైల్లో అభ్యంతరంగా ఎక్కదు. అందుకే పని రెండుగా పంచుకోమని నా సలహా. ఊళ్ళో ఉన్నవాళ్ళు చూడాలి, రాసిపెట్టుకోవాలి. సిటీలో ఉన్నవాళ్ళు కాగితాలు తీయాలి, ఆఫీసులకి తిరగాలి.

మొదటి అడుగు: సర్వే నంబరు పట్టుకోండి

"గుట్ట దగ్గర", "చెరువు వెనక" అంటే ఏ ఆఫీసులోనూ పని జరగదు. సర్వే నంబరు కావాలి. కర్ణాటక ప్రభుత్వానికి దిశాంక్ అనే మొబైల్ యాప్ ఉంది. ఆ స్థలంలో నిలబడి యాప్ తెరిస్తే మీరు ఏ సర్వే నంబరులో ఉన్నారో మ్యాపు మీద కనిపిస్తుంది. ఆ నంబరుతో ప్రభుత్వ ‘భూమి’ వెబ్‌సైట్‌లో పహాణీ (భూమి రికార్డు) చూడండి. అది పట్టా భూమా, గోమాళమా (ఊరి పశువుల మేత భూమి), ఫారెస్టా అన్నది ముందుగా తేల్చుకోవాలి. గోమాళమైతే పశువుల మేత సంగతి వస్తుంది, అడిగే హక్కు ఊరంతటికీ ఉంటుంది. ఫారెస్టైతే కేంద్ర అటవీ అనుమతి లేకుండా తవ్వడానికి వీల్లేదు.

అక్కడే నిలబడి ఇంకో పని చేయండి. స్కూలు, ఇళ్ళు, గుడి, బోర్లు, చెరువు, రాజకాలువ ఆ నంబరుకి ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో ఒక తెల్లకాగితం మీద గీసుకోండి. కంపెనీవాళ్ళ నివేదికలో ఇవన్నీ ఉన్నాయో లేదో చూడటానికి మీ చేతిలో ఉండే మొదటి ఆధారం ఆ కాగితమే.

రెండో అడుగు: ఏ కాగితాలు ఉండాలో తెలుసుకోండి

గ్రానైటు, కంకర రాయి, ఇసుక లాంటివి చట్టం లెక్కలో చిన్న ఖనిజాలు. 1957 నాటి గనుల చట్టం సెక్షన్ 15 ప్రకారం వీటి మీద నియమాలు చేసేది రాష్ట్రమే. కర్ణాటకలో 1994 నాటి చిన్న ఖనిజాల నిబంధనలు, క్రషర్లకి విడిగా 2011 నాటి చట్టం ఉన్నాయి.

ఒక క్వారీ నడవాలంటే ముఖ్యంగా నాలుగు కావాలి: గనులు-భూవిజ్ఞాన శాఖ ఇచ్చిన లీజు, ఆమోదం పొందిన క్వారీ ప్లాను, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పత్రం. గనుల శాఖ ప్రధాన కార్యాలయం బెంగళూరు రేస్‌కోర్స్ రోడ్డులోని ఖనిజ భవన్‌లో, కాలుష్య మండలి చర్చ్ స్ట్రీట్‌లోని పరిసర భవన్‌లో ఉన్నాయి. సిటీలో ఉన్నవాళ్ళకి ఒక పూట పని.

వీటిలో పర్యావరణ అనుమతి గుండెకాయ లాంటిది. 5 హెక్టార్ల కన్నా చిన్న లీజుకి కూడా ఇది తప్పనిసరి అని దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తులన్నీ పరివేశ్ అనే కేంద్ర పోర్టల్‌లో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. అనుమతి పత్రం చాలా పేజీలుంటుంది, టెన్షన్ పడకండి. మొదటిసారి చదివేటప్పుడు నాలుగు విషయాలు చాలు: ఏడాదికి ఎన్ని టన్నులు తవ్వొచ్చు, ఎంత లోతుకి పోవచ్చు, ఏ సర్వే నంబర్లలో ఎన్ని ఎకరాలు, బ్లాస్టింగ్‌కి, సరిహద్దు ఖాళీకి పెట్టిన షరతులేంటి. ఈ నాలుగూ ఒక పేజీలో తెలుగులో రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. లారీలు లెక్కపెట్టడం తెలిసిన ప్రతి మనిషికీ అప్పుడు చేతిలో కొలబద్ద ఉన్నట్టే.

టన్నుల సంగతి ఎందుకు ముఖ్యమంటే, కామన్ కాజ్ కేసులో 2017 ఆగస్టు 2న సుప్రీంకోర్టు ఒక మాట తేల్చేసింది. పర్యావరణ అనుమతికి మించి తవ్వినదంతా అక్రమమే, దాని పూర్తి విలువ వసూలు చేయాలని. ఆ కేసు ఒడిశా గనులది. కానీ అక్కడ కోర్టు అర్థం చెప్పింది 1957 చట్టంలోని సెక్షన్ 21(5)కి, ఆ చట్టం దేశమంతటికీ ఒకటే.

ముక్కలు చేసిన లీజుల సంగతి

ఒకే గుట్టని నాలుగైదు ముక్కలు చేసి, ఒక్కోటి 5 హెక్టార్లకి, అంటే దాదాపు 12 ఎకరాల 14 గుంటలకి, లోపే ఉండేలా లీజులు తీసుకోవడం మీరు చూస్తారు. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే. అందుకే క్లస్టర్ నియమం పెట్టారు. ఒక లీజు సరిహద్దు నుంచి 500 మీటర్ల లోపు అదే ఖనిజం తవ్వే మరో లీజు ఉంటే రెంటినీ కలిపి లెక్కేయాలి. 2018లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాల తర్వాత, కలిపిన విస్తీర్ణం 5 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేయాలి, ప్రజాభిప్రాయ సేకరణ (పబ్లిక్ హియరింగ్) కూడా జరపాలి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. 2016 జనవరి 15 నాటికే అనుమతి పొందిన లీజుల్నీ, మూడేళ్ళకి పైగా పని ఆగిపోయిన లీజుల్నీ ఆ విస్తీర్ణంలో కలపరు. కాబట్టి "ఇక్కడ క్లస్టర్ లేదు" అని దరఖాస్తులో రాసి ఉంటే, ఏ లీజుని కలిపారు, దేన్ని ఏ కారణంతో వదిలేశారు అని రాతపూర్వకంగా అడగండి. నా లెక్కలో ఇంతకన్నా పదునైన ప్రశ్న ఇంకోటి లేదు. హియరింగ్ అసలు జరగాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

మూడో అడుగు: ఆర్టీఐ వేయండి

పోర్టల్‌లో దొరకని కాగితాలకి 2005 సమాచార హక్కు చట్టమే దారి. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ కట్టొచ్చు. బీపీఎల్ కార్డు ఉన్నవాళ్ళకి అదీ లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి.

కర్ణాటకలో రెండు విషయాలు మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం అడగాలి, అదీ 150 పదాల్లో. రెండోది భాష. చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. కాబట్టి తెలుగులో రాస్తే వెనక్కి రావచ్చు. కన్నడలో రాయించండి. మన పిల్లలు అక్కడ కన్నడ మీడియంలోనే చదువుతున్నారు, పదో తరగతి పాప చక్కగా రాసిపెడుతుంది.

జిల్లా గనుల శాఖ సమాచార అధికారికి పంపే దరఖాస్తులో విషయం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తాలూకా, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలో ఇచ్చిన రాతి క్వారీ లీజుకి సంబంధించి, 1. లీజు ఉత్తర్వు, స్కెచ్ నకలు, 2. ఆమోదించిన క్వారీ ప్లాను నకలు, 3. గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో నెలవారీగా ఇచ్చిన రాయల్టీ పర్మిట్ల పరిమాణం, కట్టిన రాయల్టీ, 4. అధికారులు చేసిన తనిఖీ నివేదికల నకళ్ళు ఇవ్వగలరు. ఫైలు చూసుకోవడానికి కూడా తేదీ, సమయం తెలియజేయగలరు."

"ఎందుకు ఇచ్చారు", "న్యాయమేనా" లాంటి ప్రశ్నలు పెట్టకండి. చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న కాగితాన్ని, అధికారి అభిప్రాయాన్ని కాదు. చివరి వాక్యం మాత్రం వదలొద్దు. ఫైలు ఎదురుగా కూర్చుని చూస్తే, మనకి అడగాలని కూడా తెలియని కాగితాలు కనిపిస్తాయి.

వేరే ఆఫీసు సంగతైతే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయడం వాళ్ళ బాధ్యతే. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. "వ్యాపార రహస్యం" అని తిప్పికొడితే, ప్రజాప్రయోజనం ఎక్కువైనప్పుడు ఇవ్వాల్సిందేనని అదే చట్టం సెక్షన్ 8లో ఉందని అప్పీలులో రాయండి.

ఒక జాగ్రత్త. దరఖాస్తు మీద పేరు, అడ్రసు ఉంటాయి. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ పేరుతో వేయించకండి. సిటీలో ఉన్న కొడుకో కూతురో తమ అడ్రసుతో వేస్తే మంచిది. ఇద్దరు ముగ్గురు విడివిడిగా వేస్తే ఇంకా మంచిది.

నాలుగో అడుగు: పబ్లిక్ హియరింగ్‌కి సిద్ధపడండి

నాకు తెలిసినంతలో ఊళ్ళు ఎక్కువగా జారవిడుచుకునే అవకాశం ఇదే. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ దీనికి ఆధారం. జరిపేది కాలుష్య మండలి. అధ్యక్షత వహించేది జిల్లా డీసీ (డిప్యూటీ కమిషనర్, అంటే కలెక్టరు), లేదా అడిషనల్ డీసీ స్థాయికి తగ్గని అధికారి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక డీసీ ఆఫీసులో, జిల్లా పంచాయతీలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి పెట్టాలి. సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి.

ఆ 30 రోజులూ ఇలా వాడుకోండి. మొదటి వారంలో నివేదిక సంపాదించి, మీరు గీసుకున్న తెల్లకాగితంతో పోల్చండి. వేరే చోటి నివేదికలోని పేరాలు అలాగే దించిన నివేదికలుంటాయి. ఊళ్ళో లేని నది, పెరగని పంట అందులో కనిపిస్తే పేజీ నంబరుతో సహా రాసుకోండి. తర్వాత ఇంటింటికీ వెళ్ళి ఎవరు దేని గురించి మాట్లాడాలో పంచుకోండి. అందరూ "మాకు క్వారీ వద్దు" అంటే మినిట్స్‌లో ఒక్క లైనుతో సరిపెడతారు. నీళ్ళ గురించి ఒకరు, స్కూలు రోడ్డు మీద టిప్పర్ల గురించి ఒకరు, పట్టుపురుగులు పెంచేవాళ్ళయితే మల్బరీ ఆకు మీద పడే దుమ్ము గురించి ఒకరు, మేకలు మేపుకునేవాళ్ళు గోమాళం గురించి. ఒక్కొక్కరూ ఒక వాస్తవం, ఒక ప్రశ్న. ఇలాగ:

"సార్, మా చెరువుకి నీళ్ళొచ్చే రాజకాలువ ఈ సర్వే నంబరు పక్కనుంచే పోతుంది. మీ మ్యాపులో అది లేదు. ఎక్కడుందో ఇప్పుడు చూపించండి. ఆ కాలువలో రాతి పొడి పడకుండా ఏం చేస్తారో చెప్పండి."

ఇలా అడిగితే దరఖాస్తుదారు జవాబు చెప్పాలి. హాజరైన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మొత్తం వీడియో తీయాలి. మనవాళ్ళు తెలుగులో మాట్లాడతారు, రాసేవాళ్ళు కన్నడలో రాస్తారు. కాబట్టి కన్నడ బాగా వచ్చినవాళ్ళని ఇద్దరిని పక్కన కూర్చోబెట్టి, ప్రతి మాట సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోమనండి. చివర్లో మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి. జనం భోజనాలకి లేచి వెళ్ళిపోయేది సరిగ్గా అప్పుడే. కనీసం పదిమంది ఆఖరిదాకా ఉండండి. తప్పుంటే అక్కడే నిలబడి సరిచేయించండి.

సంతకాల దగ్గర చాలామందికి భయం. హాజరు పట్టీలో సంతకం పెడితే ఒప్పుకున్నట్టు కాదు. ఈ సమావేశానికి కోరం లేదు, హాజరైనవాళ్ళ పేర్లు మాత్రం నమోదు చేస్తారు. అయితే కాగితం పైన ఏం రాసి ఉందో చదవకుండా మాత్రం పెట్టొద్దు. మీ అభ్యంతరాలు రాతలో కూడా ఇచ్చి, సీలు వేసిన నకలు తీసుకోండి. ఆ రోజు రాలేనివాళ్ళు ప్రకటన వచ్చిన 30 రోజుల్లోపు మండలికి రాసి పంపొచ్చు.

ఇది ఓటింగ్ కాదని మొదటే తెలుసుకుని వెళ్ళండి. ఊరంతా వద్దన్నా అనుమతి రావచ్చు. కానీ మీరు అడిగిన ప్రతిదానికీ తుది నివేదికలో జవాబు ఉండాలి. లేకపోతే అప్పీలుకి అదే మొదటి ఆధారం.

ఐదో అడుగు: గ్రామసభలో తీర్మానం

ఒడిశాలోని నియమగిరి కొండల కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకి వదిలితే, 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. మన దగ్గర 1997 నాటి సమతా తీర్పు ఆంధ్ర షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులకి అడ్డుకట్ట వేసింది. ఈ రెండూ గొప్ప విజయాలే. కానీ అవి గిరిజన ప్రాంతాల, అటవీ హక్కుల చట్టాల బలంతో వచ్చాయి. కోలారు, చిక్కబళ్ళాపురం మైదానాల్లో గ్రామసభకి క్వారీని ఆపేసే అధికారం ఉందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

అయినా తీర్మానం చేయండి. పీడీఓకి (పంచాయతీ అభివృద్ధి అధికారికి) ముందే రాసిచ్చి అజెండాలో పెట్టించండి. సర్వే నంబరు, కారణాలు, హాజరు సంఖ్య, తేదీ అందులో ఉండాలి. నకలు డీసీకి, గనుల శాఖకి, కాలుష్య మండలికి పంపండి.

ఆరో అడుగు: క్వారీ నడుస్తుంటే రోజువారీ నిఘా

పని మొదలవ్వకముందే ఇళ్ళ గోడల ఫోటోలు తీసిపెట్టుకోండి. ప్రతి బోరు ఎంత లోతు, మోటారు ఎంతసేపు ఆగకుండా పోస్తుంది అన్నది రాసుకోండి. తర్వాత గోడ పగిలిందన్నా, బోరు ఎండిందన్నా "అది ముందే ఉంది" అనే మాట తప్పకుండా వస్తుంది.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్. అందులో రాత ఇలా ఉండాలి: "మంగళవారం, మధ్యాహ్నం 1.40, బ్లాస్టింగ్. సైరన్ వినపడలేదు. అంగన్‌వాడీ వెనక గోడకి కిటికీ కింద కొత్త పగులు, జానెడు పొడవు. ఇద్దరు చూశారు." కోపం రాయొద్దు, టైమూ కొలతా రాయండి. టిప్పర్లు ఎన్ని పోయాయో వారానికి ఒక రోజైనా లెక్కపెట్టి, ఆర్టీఐలో వచ్చిన పర్మిట్ల లెక్కతో పోల్చండి.

పేలుడు పదార్థాల విషయంలో సొంత సాహసం అసలు వద్దు. 2021 ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురం జిల్లా హిరేనాగవల్లి దగ్గర క్వారీ జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. అంతకు ముందు నెలలోనే శివమొగ్గ దగ్గర హుణసోడులో అలాంటిదే జరిగింది. ఎక్కడైనా జిలెటిన్ పడేసి ఉందనిపిస్తే ఫోటో కోసం దగ్గరికి వెళ్ళకండి, పోలీసులకి ఫోన్ చేయండి. రాత్రిపూట టిప్పర్లని ఒంటరిగా ఆపకండి. గుంటలోకి దిగకండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. అనుమతి షరతులు పాటిస్తున్నట్టు కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి, అది బహిరంగ పత్రం. దాన్నీ మీ నోట్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టి చదవండి. "రోజూ నీళ్ళు చల్లుతున్నాం" అని అందులో ఉంటే, మీ దగ్గర తేదీలు, ఫోటోలు ఉంటాయి.

ఏడో అడుగు: ఎవరికి, ఏ గడువులో ఫిర్యాదు

లీజు దాటి తవ్వితే జిల్లా గనుల శాఖకి, డీసీకి. దుమ్ము, శబ్దం, నీటి కాలుష్యమైతే కాలుష్య మండలికి. గాలిలో పీఎం10 ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు, మీ ఊళ్ళో కొలవమని రాసి అడగండి. అధికారులే కుమ్మక్కయ్యారనిపిస్తే లోకాయుక్త. బళ్ళారి ఇనుప ఖనిజం దోపిడీని 2011 జులైలో బయటపెట్టింది కర్ణాటక లోకాయుక్త నివేదికే. అదే నెలాఖర్లో సుప్రీంకోర్టు బళ్ళారిలో తవ్వకాలు ఆపించింది.

అనుమతినే సవాలు చేయాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్. కర్ణాటకకి దక్షిణ మండల బెంచి చెన్నైలో ఉంది. గడువు 30 రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, అంతే, ఆపైన ఒక్క రోజు కూడా కుదరదు. అనుమతి వచ్చిన సంగతి కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, నకలు పంచాయతీకి ఇవ్వాలి. అందుకే పరివేశ్ పోర్టల్ వారానికోసారి చూసే బాధ్యత సిటీలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ఇతర పర్యావరణ వివాదాలకి 6 నెలలు, నష్టపరిహారానికి 5 ఏళ్ళు గడువుంది.

ఎనిమిదో అడుగు: డబ్బు ఎక్కడికి పోతోంది

2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. డీఎంఎఫ్ అంటారు. పెద్ద ఖనిజాలకి, పాత లీజులవాళ్ళు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో లీజు పొందినవాళ్ళు 10 శాతం అదనంగా ఇందులో కట్టాలి. చిన్న ఖనిజాలకి ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతానికే ఖర్చు పెట్టాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం లాంటి ముఖ్య అవసరాలకి కనీసం 70 శాతం కేటాయించాలి, 2024 సవరణకి ముందు ఇది 60 శాతం.

డీఎంఎఫ్ తన సమావేశాల అజెండా, మినిట్స్, వసూళ్ళ లెక్క, పనుల జాబితా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ముందు ప్రభావిత గ్రామాల జాబితాలో మీ ఊరి పేరుందో చూడండి. పంచాయతీ పేరు ఉండి, క్వారీకి ఆనుకున్న మీ హళ్ళి (పల్లె) పేరు లేకపోతే పీడీఓ ద్వారా డీసీకి అర్జీ పెట్టండి. గ్రామసభలో అడగాల్సింది "మా ఊరికి ఏమైనా ఇవ్వండి" అని కాదు. "మా బోర్లు ఇన్ని ఎండాయి, ఇదిగో నోట్‌బుక్, తాగునీటి ట్యాంకూ పైపులైనూ వచ్చే ఏడాది ప్లానులో పెట్టండి" అని అడగండి. ప్లాను ఆమోదం పొందేలోపే ఆ తీర్మానం డీసీ ఆఫీసుకి చేరాలి, రసీదు మీ దగ్గర ఉండాలి.